తొమ్మిది ఇండ్ల సారు

సారు పోయిండని పొద్దుగాల ఫోన్ల మెసేజొచ్చింది. గుండెపోటట. ఆ గ్రూపుల రెండేండ్ల సంది ఎవరూ మాట్లాడుత లేరు. దాని పేరు మాత్రం ఇంకా 'పోచంపల్లి వాలిడేటర్ల సంఘం' అనే ఉన్నది. నేను చూస్తుండంగనే ఒకల ఎనుక ఒకలు దండం బొమ్మలు పెట్టిన్రు. తొమ్మిది ఇండ్లల్ల ఎనిమిది ఇండ్లోళ్లు పెట్టిన్రు. నేను పెట్టలే.

"సచ్చినోడి మీద ఇంకేం కోపమే?" అన్నడు మా ఇంటాయన, మగ్గం గుంతల కూసోని. "ఒక్క బొమ్మ పెడితే నీదేం పోతది?"

"కోపమెప్పుడో పోయింది. ఇది కోపం గాదు" అన్న. ఏందో మాత్రం ఆయనకు చెప్పలే. ఇక్కడ చెప్త.

సారు మెడల ఎప్పుడూ ఒక నీలం పట్టీ, దానికి ఒక కార్డు ఏలాడుతుండె. పెండ్లికొచ్చినా, దినాలకొచ్చినా ఆ కార్డు తీయకపోతుండె. కార్డు మీది ఫోటో ఎప్పటిదో, దాంట్ల ఆయనకు నెత్తినిండ ఎంటికలున్నయి. చేతిల రెండు ఫోన్లు. కూసోంగనే రెండూ బోర్లేసి, ఉంగరమున్న ఏలితోని వాటి మీద టక్కు టక్కుమని కొడుతుండె. ఎదుటోళ్లు మాట మొదలు పెట్టంగనే కండ్లు మూసుకొని "కరెక్ట్, కరెక్ట్" అంటుండె. ఒకసారి మా మామ "సారు, చాయ్‌ల చక్కెర..." అనంగనే గూడ కరెక్టన్నడు. ఎయ్యాల్నో వద్దో మామకు తెలువక, రెండు చెంచాలు ఎక్కువే ఏసిచ్చిండు. సారు ముట్టలే. మా ఇండ్లల్ల ఆయన ఏదీ ముట్టకపోతుండె. తన నీళ్ల సీసా తనే తెచ్చుకుంటుండె.

ఆయనది నల్లగొండ అవతల ఒక పల్లె. వాళ్ల నాయిన ఎవుసం చేసెటోడట. అయినా మాతోని మాట్లాడితే టీవీల వార్తలు చదివినట్టే మాట్లాడుతుండె. మేము 'గిట్ల' అంటే జర నవ్వి 'ఇలా' అని దిద్దుతుండె. దిద్దింది చిన్నపోరగాండ్లను గాదు, డెబ్బై ఏండ్ల మా మామను.

ఆయన మా వాడకట్టుకొచ్చింది కరోనా తగ్గిన మరుసటేడు. అప్పుడు మా బతుకు అచ్చు చీరలతోని ఆగమైతుండె. మేము రంగు అంటకుండ నూలుకు చిటికీలు కట్టి, రంగులద్ది, మగ్గమెక్కించి ఒక్క చీర దించాల్నంటే ఇంటిల్లిపాది పదిదినాలు పనిజెయ్యాలె. అదే డిజైను మిషిన్ల అచ్చుగుద్ది, పోచంపల్లి చీర అని దుకాణాలల్ల పెడుతున్నరు. కొనేటోళ్లకు తేడా తెలుస్తలేదు. మా చీరలు మూటలల్లనే మడతలు పడుతున్నయి.

పట్నంల ఒక కంపెనీ తరఫున సారు దానికి మందు తెచ్చిన అన్నడు. మా అరుగు మీద వాడకట్టు అంతటిని కూసోబెట్టి చెప్పిండు.

"చూడండమ్మా, ప్రతి చీరకూ పుస్తకంలో ఒక పేజీ ఉంటుంది. ఎవరి మగ్గం, ఏ నూలు, ఎప్పుడు దించారు, అన్నీ అందులో ఉంటాయి. ఆ పుస్తకం ఒక ఆఫీసులో ఉంటే ఆఫీసరు దిద్దుకోవచ్చు. అదే పుస్తకం మీ తొమ్మిది ఇళ్లలో ఉంటే? ఒకరు దిద్దితే మిగతా ఎనిమిది ఒప్పుకోవు. దీన్నే బ్లాక్‌చెయిన్ అంటారు. మీ ఇళ్లలో ఒక్కో డబ్బా పెడతాం. ఆ డబ్బాలే వాలిడేటర్లు. చీరను మీరు చూస్తారు. అసలైనదైతే డబ్బా నుంచి అవునంటారు. తొమ్మిదింటిలో ఆరు ఇళ్లు అవునంటేనే ఆ పేజీ చేరుతుంది. చేరాక ఎవరూ చెరపలేరు, నేను కూడా. ఇక్కడ నమ్మకంతో పని లేదు. సంఘమే కాపలా."

ఇంక ఆయన పక్కనున్న పట్టు కండె నుంచి ఒక పోగు గుంజి తెంపిండు. "ఒక్క పోగు తెగుతుంది. తొమ్మిది కలిపితే తెగవు."

"తెగుతయి సారు" అన్నడు మామ. తొమ్మిది పోగులు కలిపి రెండు చేతుల ఏళ్లకు సుట్టి, ఒక్క మెలిక పెట్టి టప్పున తెంపిండు. "దినాం తెంపుతం గద."

అందరం నవ్వినం. సారు కండ్లు మూసుకొని "కరెక్ట్, కరెక్ట్" అని ముందటికి పోయిండు.

నేను మాత్రం ఆయన మాట నమ్మిన. ఆ ముచ్చట దాచిపెడితే ఈ రాసుడంత దండుగ. ఇంటర్ దాక చదివి, లగ్గమై వచ్చిన కాణ్ణుంచి ఆసు పోస్తున్న. పేకనూలును కొయ్యల మీద అటు ఇటు తిప్పి అమర్చే పని అది. చీరకు ఎన్ని వేలసార్లు చెయ్యి అటు ఇటు ఆడాల్నో లెక్కలేదు. నా కుడిభుజం ఇప్పటికీ పైకి లేవది. అంత చేసినా, ఏ డిజైను ఎయ్యాలె, ఏ సేటుకియ్యాలె అని నన్ను ఎన్నడూ ఎవరూ అడగలే. అసొంటిది నా ఇంట్ల డబ్బా 'కాదు' అంటే దాన్ని ఎవరూ 'అవును' అని మార్చలేరట. ఆ మాట ఇన్న దినం నేను రెండుసార్లు అన్నం పెట్టించుకొని తిన్న.

"అధ్యక్షురాలిగా మహిళ ఉంటే బాగుంటుంది" అన్నడు సారు. ఎవరు అన్నదానికి నా దిక్కు ఏలు చూపిండు. పేరడగలే.

డబ్బాలు వచ్చినయి. అన్నం గిన్నె అంత నల్ల డబ్బా, ముందట పచ్చ లైటు. ఒక్కొక్క డబ్బాకు ఇరవై నాలుగు ఇంగ్లీషు మాటలు. ఆ మాటలు ఎవరి దగ్గర ఉంటే ఓటు వాళ్లదే. కాయిదం మీద రాసుకొమ్మన్నడు. "ఇవి మీ ప్రాణంతో సమానం. ఎవరికీ చూపకండి. నాకు కూడా చూపకండి" అన్నడు. నేను రాసుకొని బియ్యం డబ్బాల పెట్టిన.

పదిదినాలకు ఆయనే ఒక ఖాకీ కవరు పట్టుకొని ఇల్లిల్లు తిరిగిండు. "మీరు పోగొట్టుకుంటే నెట్‌వర్క్ మొత్తానికి ప్రమాదం. నా దగ్గర భద్రంగా ఉంటాయి."

"మీకు గూడ చూపొద్దన్నరు గద సారు?" అన్న నేను.

"కరెక్ట్, కరెక్ట్. అది మామూలుగా చెప్పే మాట."

ఆయన చెయ్యి చాపి నిలబడ్డడు. నేను బియ్యం డబ్బాలకెల్లి కాయిదం తీసిచ్చిన. తొమ్మిది ఇండ్లోళ్లం ఇచ్చినం.

ఆ తర్వాత నెలకోపారి మీటింగు. మీటింగంటే ముందుగాల ఫోటో. ముచ్చటేందో చెప్పకముందే "చేతులెత్తండమ్మా" అని ఫోటో తీసుకుంటుండె. తర్వాత ఒక కాయిదం సదివి, "ఎవరికైనా అభ్యంతరమా, ఏకగ్రీవం" అంటుండె. ఆ రెండు మాటల నడుమ ఊపిరి పీల్చేంత జాగ గూడ ఇయ్యకపోతుండె. వాడకట్టుల పిల్లలు ఆయన నడక తీరు, ఆయన మాట తీరు ఏసి ఆడుకుంటుండ్రి. మేమెవ్వరం మానుమని చెప్పలే.

ఒకనాడు ఫోటో కోసమే మా మగ్గమెక్కిండు. కాళ్లకు బూట్లు. "సారు, జర బూట్లు..." అన్నడు మామ. కరెక్టన్నడు, విడువలే. పేకపోగును అటు ఇటు ఇసిరే నాడెను తలకిందులు పట్టుకొని నవ్వుకుంట కూసున్నడు. తొక్కుడుచెక్క మీద బూటు జారి పడుగుల పదకొండు పోగులు తెగినయి. ఆయన దిగిపోయినంక మామ ముందుగాల మగ్గానికి దండం పెట్టుకొని, పగటీలి దాక ఆ పోగులు అతికిండు. ఆ ఫోటోనే తర్వాత సారు తన గురించి రాసుకున్న పుస్తకం అట్ట మీద అచ్చయింది. కింద 'సంఘంలో ఒకడిగా' అని రాసుకున్నడు.

ఇదంతా నవ్వుకొని ఇడిసిపెట్టేదే. కాని ఒక దినం పట్నం నుంచి ఒకామె మా ఇల్లు ఎతుక్కుంట వచ్చింది. చేతిల చీర. లోపలికి రమ్మంటే రాలే, గడపల్నే నిలబడి మా ఇంటాయన పేరు చెప్పి "ఆయన ఇల్లేనా?" అనడిగింది. అవునన్న.

"మీరు నేసిన చీరేనా ఇది? ఫోన్ల చూస్తే మీ మగ్గమే అని వచ్చింది. తొమ్మిది ఇండ్లు అవునన్నయని గూడ ఉన్నది."

మామ ఆ చీర తీసుకొని కొంగు తిరగేసిండు. నేసిన చీరకు ముందూ ఎనుకా రంగు ఒక్కతీరుగనే ఉంటది. దీని ఎనుక ఎలిసిపోయినట్టు తెల్లగున్నది. అచ్చు చీర.

"ఇది మాది గాదమ్మా" అన్నడు మామ.

"పేరు మీదేనా కాదా?" అన్నది ఆమె. మామ చీర మడతపెట్టి ఆమె చేతికిచ్చిండు. ఆమె ఎల్లిపోయినంక మా ఇంటాయన రెండు దినాలు మగ్గం ముట్టలే. అరవై ఏండ్ల సంది మా మామ పేరు, ఆయన పేరు ఏ చీర మీదా రాసి లేకుండె. రాసిన మొదటిపారే దొంగచీర మీద రాసిన్రు.

నేను ఫోన్ల ఆ పేజీ తీసి చూసిన. మా డబ్బా ఆ చీరకు అవునన్న తారీఖు మళ్ల మళ్ల సదివిన. ఆ వారం మా వాడకట్టు ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి మూడు దినాలు కరెంటు లేదు. ఫోను చార్జింగు కోసం చౌటుప్పల్ల ఉన్న మా అక్క ఇంటికి పోయిన, అందుకే మంచిగ యాదికున్నది. మా డబ్బా లైటు గూడ ఆ మూడు దినాలు ఆరిపోయే ఉన్నది. ఆరిపోయిన డబ్బా నలభై చీరలకు అవునన్నది.

తెల్లారి బస్సెక్కి నల్లగొండ పోయిన. క్లాక్‌టవర్ దగ్గర మేడ మీద సారు ఆఫీసు. నన్ను చూసి "రండి సుజాతమ్మా" అన్నడు. మా తొమ్మిది ఇండ్లల్ల సుజాత ఎవరూ లేరు. నేను సంఘానికి అధ్యక్షురాలినై అప్పటికి ఏడాదిన్నర.

కరెంటు ముచ్చట చెప్పిన. ఆయన జర గూడ తడబడలే. కంప్యూటరు నా దిక్కు తిప్పి చూపిండు. దాంట్ల తొమ్మిది పచ్చ చుక్కలు.

"మీ ఇళ్లలో కరెంటు ఉండదు, నెట్ ఉండదు. నెట్‌వర్క్ ఆగకూడదు కదా. అందుకే అన్నీ ఇక్కడి నుంచే నడుపుతున్నాం."

"మరి మా ఇండ్లల్ల డబ్బాలేందుకు?"

"భాగస్వామ్యం కోసం."

"దాంట్ల లైటు ఎలుగుతది గద సారు?"

"కరెంటుంటే వెలుగుతుంది" అన్నడు.

"గా అచ్చు చీరను మీరు చూసిన్రా?"

"నేను చూడటమెందుకమ్మా? ఆరు ఓట్లకు పైనే పడ్డాయి."

"ఆ ఓట్లు మీరే ఏసుకున్నరు."

అప్పుడు ఆయన ఏలితోని ఫోను కొట్టుడు ఆపిండు. మొదటిపారి మా భాష మాట్లాడిండు. "ఏందమ్మా, పొద్దుగాల్నే వచ్చి లొల్లి పెడుతున్నవు? మీ చేతులతోని మీరే ఇచ్చిన్రు. నేను గుంజుకున్ననా? పో, పోయి పని చేసుకో."

మెట్లు దిగుకుంట నాకు ఏడుపు రాలే. ఇంత చిన్న మనిషికా మేము ఏడాదిన్నర లేచి నిలబడి జాగిచ్చింది అని సిగ్గయింది. దొంగతనం చేసేటోడికి కొంచెం భయమన్న ఉంటది. ఈయనకు అది గూడ లేదు. మేము మనుషులమని లెక్కల ఉంటే గద భయపడెటందుకు.

సంఘం రూల్స్ పదకొండు పేజీలు. సారే సదివి, మా చేతులెత్తించి ఏకగ్రీవం చేసినయి. వాటిని నేను ఆసు ముందట పెట్టుకొని నాలుగు దినాలు సదివిన. తెలువని మాటలు ఫోన్ల ఎతుక్కున్న. ఏడో పేజీల దొరికింది. ఆరు ఇండ్లు ఒక్కతాన ఒప్పుకుంటే డబ్బాల పాత ఇంగ్లీషు మాటలు కొట్టేసి, కొత్తయి పెట్టుకోవచ్చు. కాయిదాలు సారు దగ్గర ఉన్నా, ఫోనుతోని నడిచే మా డబ్బాలల్ల గూడ ఆ ఓటు ఉన్నది. కాని ఆయనకు ముందే తెలిస్తే, కంప్యూటరు ముందట కూసోని మాకంటే ముందు ఆయనే మార్చేస్తడు.

ఇల్లిల్లు తిరిగిన. నాలుగు ఇండ్లోళ్లు ఆ పట్నం ఆమె ముచ్చట ఇని ఎంటనే సై అన్నరు. మా ఇల్లు కలిపితే ఐదు. ముగ్గురు రామన్నరు. "సారుతోని పెట్టుకుంటే మనకేమొస్తది" అన్నరు. మిగిలింది వాడకట్టు చివరింటి వదిన. మొగడు లేడు, ఒక్కతే మగ్గం నడుపుకుంటది. పింఛను ఇప్పిస్తనని సారు ఆమెకు ఏడాది సంది చెప్తున్నడు.

"నా పింఛను ఆగుతదే" అన్నది.

"వచ్చిందా వదినా?"

"రాలే."

ఆమె మగ్గం పేరు మీద చేరిన పేజీలు తీసి ఫోను ఆమె చేతిల పెట్టిన. ఆమె ఏడాదికి దించేన్ని చీరలు ఒక్క నెలల దించినట్టున్నది. వదిన చానసేపు చూసింది. "నా చేతులకు గింత బలమున్నదని నాకే తెల్వదు" అని లేచి, చేతులు కడుక్కొని, "ఎప్పుడు రావాలె?" అనడిగింది.

సన్మానం చేస్తమని సారును మా ఇంటికి పిలిచినం. సన్మానమంటే నల్లగొండ నుంచి పదకొండు గంటలకే వచ్చిండు, మెడల కార్డేసుకొని. ఫోన్లు రెండు బోర్లేసి కూసున్నడు. చేతులెత్తమని ఫోటో తీసుకున్నడు. జేబులకెల్లి ఏదో కాయిదం తీసి సదివి, "ఎవరికైనా అభ్యంతరమా, ఏకగ్రీ..." అన్నడు.

"అభ్యంతరం" అన్న నేను.

ఆయనకు ఇనబడలే అనుకుంట. "ఏమిటమ్మా?" అన్నడు.

"అభ్యంతరం సారు. ఏడో పేజీ ప్రకారం ఆరు ఇండ్లోళ్లం మాటలు మారుస్తున్నం."

ఆరుగురం ఫోన్లు తీసినం. ఒక్కొక్కలం నొక్కుకుంట పోయినం. కరెంటు పోవద్దని నేను లోపల మొక్కుకుంటున్న. చివరింటి వదిన తప్పు నొక్కింది, మళ్ల మొదలుపెట్టింది. సారు ఫోను తిప్పి ఎవరికో చేసిండు. అవతలోళ్లు ఎత్తలే. ఇంకో ఫోను తీసిండు. ఏం నొక్కాల్నో ఆయనకు తెలువది. ఆ పని అంత ఆయన ఎన్నడూ సొంతంగ చేసినోడు గాదని అప్పుడు తెలిసింది. వదిన ఫోన్ల టిక్కు పడ్డది. ఆరు.

ఆయన లేచి, "మీరు నెట్‌వర్క్‌ను పాడుచేశారు" అని చెప్పులేసుకొని పోయిండు. సన్మానానికని తెచ్చిన శాలువ మా మామ కప్పుకున్నడు. చలికాలం పనికొచ్చింది.

తర్వాత ఐదు నెలలు, సారు మొదట అరుగు మీద చెప్పినట్టే సంఘం నడిచింది. ప్రతి బుధవారం మా అరుగు మీద చీరలు పరిచి, తిరగేసి, ఎలుగుల పట్టి చూస్తుంటిమి. రామని చెప్పిన ముగ్గురు గూడ వచ్చి కూసున్నరు. మా సొంత చీర ఒకటి గూడ రంగు దిగుతున్నదని వాపస్ పోయింది. మా ఇంటాయన అలిగిండు గాని, మళ్ల అద్దిండు. ఐదు నెలలకు పట్నంల ఆ కంపెనీ పని బందు పెట్టింది. మా సంఘంతోని పేజీలు ఆలస్యమైతున్నయట. మా తొమ్మిది డబ్బాల లైట్లు ఒక్క దినమే ఆరిపోయినయి. ఆ ఐదు నెలలల్ల చేరిన పేజీలు ఇప్పుడు ఎక్కడ చూసుకోవాల్నో మాకెవరూ చెప్పలే.

సారుకు మాత్రం ఏం గాలే. ఆ మరుసటేడు సుట్టాలింటికి పోతుంటే జడ్చర్ల బస్టాండు ముందట పెద్ద ఫ్లెక్సీ కనబడ్డది. పల్లి పండించే రైతుల వాలిడేటర్ల సంఘమట. నడుమ సారు. బస్సు కదిలేదాక దాన్నే చూసిన. ఆ ఊర్లల్ల ఎవరి బియ్యం డబ్బాల కాయిదాలు తీసుకున్నడో అనుకున్న. దిగి ఎవరికన్న చెప్పాల్నని అనిపించింది. ఎవరికి చెప్పాల్నో తెలువక దిగలే. ఆ ముచ్చట మీద ఇప్పటికీ నా మీద నాకే మంచిగనిపియ్యది.

సారు పోయిన మూడోనాడు నాకు ఫోనొచ్చింది. సారు ఆఫీసుల పనిచేసినోడినన్నడు. "మేడం, ఆదివారం నల్లగొండల సంతాపసభ. పోచంపల్లి సంఘం అధ్యక్షురాలిగా మీరు రెండు ముక్కలు మాట్లాడాలె."

"నేను చూసిందే మాట్లాడుత" అన్న.

నేను చూసిందేందో ఆయనకు తెలుసనుకుంట. "అంత దూరం మీకెందుకు తక్లీఫ్ మేడం. మీరు రాకున్నా పర్వాలేదు. మీ పేరు మీద మేమే ఒక సందేశం రాసి సదువుతం" అని పెట్టేసిండు.

ఆదివారం మా ఇంటాయన వద్దన్నా బస్సెక్కిన. పదిన్నరకు హాలుకు పోయిన. స్టేజీ మీద సారు ఫోటో, పూలదండ. ముందు వరుసల ఆయన భార్య. నేను ఎవరో ఆమెకు తెలువది. "దూరం నుంచి వచ్చినట్టున్నరు, కూసో అక్కా" అని పక్క కుర్చీ మీది సంచి తీసి జాగిచ్చింది. ఆమె మొఖం ఉబ్బి ఉన్నది. ఆమెతోని నాకేం పేచీ లేదు. కూసున్న.

మైకు ముందటి మనిషి చేతిల కాయిదాలు. ఒక్కొక్కటి సదువుకుంట వస్తున్నడు. మహనీయుడన్నరు, సంఘజీవి అన్నరు. ఇంకో కాయిదం ఇప్పి, "ఇప్పుడు పోచంపల్లి నుంచి..." అని తలెత్తిండు. నన్ను చూసిండు. నేను ఆయననే చూస్తున్న. కాయిదం సగం దాక సదువుకున్నట్టు చూసి, నాలుగు మడతలు పెట్టి జేబుల పెట్టుకున్నడు. ఇంకో పేరు పిలిచిండు.

"పోచంపల్లి నుంచి ఎవరన్నరు?" అని అడిగింది సారు భార్య, నా దిక్కు తిరిగి.

"నేనే అక్కా" అన్న.

"మాట్లాడరా?"

"మాట్లాడ" అన్న. సభ అయ్యేదాక ఆ కుర్చీలనే కూసున్న. కాయిదం మళ్ల బయటికి రాలే.